అంగస్తంభన సమస్యకు వీఏ పరిహారం: అమెరికా మాజీ సైనికులు తరచుగా అడిగే ప్రశ్నలు

మోకాళ్లు, నడుము, చెవుల్లో హోరు, నిద్ర పట్టకపోవడం... అన్నీ వరసగా చెప్తారు. కాగితాలు ఫోల్డర్‌లో సర్దుకుని లేస్తారు. గుమ్మం దాకా వెళ్లాక ఆగి, "అన్నా, ఇంకో సంగతి ఉంది" అంటారు, నా మొహం చూడకుండా. నేను అమెరికా సైన్యంలో పనిచేసి వచ్చినవాణ్ణి. ఇప్పుడు మాజీ సైనికుల సంఘం ఒకదానిలో వీఏ (అమెరికా ప్రభుత్వ మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) గుర్తింపు ఉన్న ప్రతినిధిగా క్లెయిములు పెట్టడంలో సాయం చేస్తున్నాను. గుమ్మం దగ్గర గుర్తొచ్చే ఆ ఇంకో సంగతి ఏమిటో ఇప్పుడు నాకు చెప్పకుండానే తెలిసిపోతుంది.

2009లో మొదలై 2016లో నిలిచిపోయిన మావ్నీ పథకం కింద వీసా మీద ఉండగానే సైన్యంలో చేరి పౌరులైనవాళ్లు ఉన్నారు. ఇక్కడే పుట్టి పెరిగి చేరిన మన పిల్లలూ ఉన్నారు. నడుం నొప్పి గురించి ఇంగ్లీషులో గడగడా చెప్పగలిగినవాళ్లకు కూడా ఈ మాట ఏ భాషలోనూ నోటికి రాదు. అందుకే తెలుగులో రాస్తున్నాను. చదువుకుని వస్తే, గదిలో కూర్చున్నప్పుడే చెప్పడానికి ధైర్యం ఉంటుంది.

దీనికి నిజంగా పరిహారం ఇస్తారా?

ఇస్తారు. జబ్బు తీవ్రతను శాతాల్లో కొలిచే వీఏ రేటింగ్ పట్టికలో అంగస్తంభన లోపానికి 7522 అనే కోడ్ ఉంది. సర్వీసు వల్ల గానీ, సర్వీసు వల్ల వచ్చిన మరో జబ్బు వల్ల గానీ, ఆ జబ్బుకు వాడే మందు వల్ల గానీ వచ్చిందని తేలితే పరిహారం వస్తుంది. దానిమీద ఆదాయపు పన్ను లేదు.

నాకు 0 శాతం అని ఉత్తరం వచ్చింది. తిరస్కరించారా?

లేదు. ఈ ఒక్క జవాబు అర్థమైతే ఈ పేజీ రాసిన శ్రమ నాకు దక్కినట్టే. సున్నా చూసి ఉత్తరం మడిచి సొరుగులో పడేసినవాళ్లను ఎందరినో చూశాను.

వీఏ భాషలో తిరస్కరణ వేరు, 0 శాతం వేరు. 0 శాతం అంటే "ఈ సమస్య నీకు సర్వీసు వల్లే వచ్చిందని ఒప్పుకుంటున్నాం" అని. ప్రస్తుత పట్టికలో 7522 కోడ్ కింద ఉన్నదే 0 శాతం, అంతకు మించి లేదు. డబ్బు వచ్చే దారి వేరే ఉంది. దాని పేరు స్పెషల్ మంత్లీ కాంపెన్సేషన్, అందులో కె అనే రకం. అందరూ ఎస్‌ఎంసీ-కె అంటారు. సంతానోత్పత్తి అవయవాన్ని గానీ, దాని వాడుకను గానీ కోల్పోయినవాళ్లకు చట్టం విడిగా కేటాయించిన మొత్తం ఇది.

2025 రేటు ప్రకారం ఎస్‌ఎంసీ-కె నెలకు 136.06 డాలర్లు, అంటే ఏడాదికి 1,632 డాలర్ల పైన. ఇది శాతాల లెక్కలో కలిసిపోదు, మీకు వచ్చేదానిపైన అదనంగా వస్తుంది. ఉదాహరణకు, భార్యాపిల్లలు లెక్కలో లేని 70 శాతం మాజీ సైనికుడికి 2025లో నెలకు 1,759.19 డాలర్లు. ఎస్‌ఎంసీ-కె చేరితే 1,895.25. 100 శాతం ఉన్నవాళ్లకూ ఇది పైన చేరుతుంది. జీవన వ్యయాన్ని బట్టి ఈ మొత్తాలు ఏటా డిసెంబరు 1 నుంచి మారతాయి.

కాబట్టి ఉత్తరం మళ్లీ తీయండి. "లాస్ ఆఫ్ యూజ్ ఆఫ్ ఏ క్రియేటివ్ ఆర్గాన్" అన్న మాట ఉందో లేదో ప్రతి పేజీలో వెతకండి. స్తంభన లోపాన్ని ఒప్పుకున్నప్పుడు ఎస్‌ఎంసీ సంగతి కూడా చూడమని ఆ పట్టికలోనే కింద రాసి ఉంటుంది. మీరు విడిగా అడగకపోయినా వాళ్లే చూడాలి. అయినా ఒక్కోసారి మరచిపోతారు. ఆ మాట మీ ఉత్తరంలో లేకపోతే గడువు దాటకముందే ప్రతినిధిని కలవండి.

ఇదివరకు 20 శాతం ఇచ్చేవారట కదా?

ఆ కోడ్ పాత రూపంలో అంగంలో వైకల్యం, దానితోపాటు స్తంభన శక్తి పోవడం, రెండూ ఉంటే 20 శాతం ఇచ్చేవారు. 2021 నవంబరు 14 నుంచి పట్టిక మారింది. ఇప్పుడు వైకల్యం ఉన్నా లేకపోయినా 0 శాతం, దానిపైన ఎస్‌ఎంసీ. పాత పద్ధతిలో 20 శాతం వచ్చినవాళ్లకు పట్టిక మారిందన్న ఒక్క కారణంతో తగ్గించరు.

సర్వీసు వల్లే వచ్చిందని ఎలా చూపించాలి?

మూడు కావాలి. ఇప్పుడు ఆ సమస్య ఉందని డాక్టరు నిర్ధారణ. సర్వీసులో జరిగిన సంఘటన లేదా గాయం, లేకపోతే ఇప్పటికే సర్వీసు వల్ల అని వీఏ ఒప్పుకున్న మరో జబ్బు. ఈ రెంటికీ మధ్య లంకె. ఆ లంకెనే నెక్సస్ అంటారు.

నేరుగా గాయం తగిలినవాళ్లు ఉన్నారు. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల్లో రోడ్డు పక్కన పాతిన బాంబులు పేలి పొత్తికడుపు కింది భాగం దెబ్బతిన్నవాళ్లు తక్కువేమీ కాదు. 2001 నుంచి 2013 దాకా జననాంగాలకు, మూత్రావయవాలకు గాయాలైన అమెరికా పురుష సైనికులు 1,367 మంది అని లెక్క తేల్చారు. వాళ్ల విషయంలో ఆస్పత్రి రికార్డే సాక్ష్యం.

మన దగ్గరికి వచ్చేవాళ్లలో మాత్రం ఎక్కువమందిది సెకండరీ దారి. అంటే ఒక జబ్బు వెంట వచ్చిన ఇంకో జబ్బు. ఇక్కడ సర్వీసు రికార్డులో స్తంభన లోపం ప్రస్తావన ఉండనక్కరలేదు. మొదటి జబ్బు సర్వీసు వల్ల అని తేలి ఉంటే, రెండోది దాని వల్ల వచ్చిందని గానీ, దానివల్ల ముదిరిందని గానీ చూపిస్తే చాలు.

ఎంత గట్టిగా చూపించాలి అంటే, నూటికి నూరు పాళ్లు అక్కరలేదు. వీఏ కొలమానం "కనీసం సగానికి సగం అవకాశం ఉంది" అన్నంతే. త్రాసు రెండు వైపులా సమానంగా తూగితే మాజీ సైనికుడి వైపే తీర్పు ఇవ్వాలని నిబంధన. డాక్టరు ఉత్తరం రాసేటప్పుడు "ఉండొచ్చు", "కావచ్చు" అని వదిలేస్తే అది పనికిరాదు. సగమో అంతకంటే ఎక్కువో అవకాశం ఉందని స్పష్టంగా రాసి, ఎందుకో కారణం చెప్పాలి.

ఏ జబ్బులకు, ఏ మందులకు దీనితో సంబంధం ఉంటుంది?

ముందుగా షుగర్. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే సన్నని రక్తనాళాలు, నరాలు రెండూ దెబ్బతింటాయి. స్తంభనకు కావాల్సినవి ఆ రెండే. మన వంశాల్లో షుగర్ ఎలాగూ ఉందని డాక్టరుకు గానీ, పరీక్ష చేసేవారికి గానీ తేలిగ్గా చెప్పేయకండి. మీ షుగర్ సర్వీసు వల్ల అని వీఏ ఒప్పుకుని ఉంటే దాని వెంట వచ్చినది కూడా అదే ఖాతాలోకి వస్తుంది.

బీపీ కూడా అంతే. బీపీకి వాడే బీటా బ్లాకర్లు, థయజైడ్ రకం మందుల వల్ల కూడా స్తంభన తగ్గవచ్చు.

పీటీఎస్‌డీ (భయంకర అనుభవాల తర్వాత పీడించే మానసిక సమస్య), డిప్రెషన్. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఇదే దారి. జబ్బే కోరికను చంపేస్తుంది. దానికిచ్చే సెర్ట్రలిన్, పారోక్సెటిన్, ఫ్లూయోక్సెటిన్ లాంటి మందులు మిగిలినది తీసేస్తాయి. ఒక తమ్ముడి మందుల చీటీలు ఆయన భార్య పుస్తకంలా కుట్టి తెచ్చింది. సెర్ట్రలిన్ 50 మిల్లీగ్రాముల నుంచి 100కి పెంచిన చీటీ మీద మార్జిన్‌లో చిన్న అక్షరాలతో తెలుగులో ఒక వాక్యం రాసి ఉంది: "అప్పటి నుంచి దూరంగా పడుకుంటున్నారు." ఏ నిపుణుడి ఉత్తరమైనా ఆ తేదీ కన్నా బలమైన సంగతి చెప్పలేదనిపించింది నాకు. మందు మొదలైన తేదీ, మోతాదు పెరిగిన తేదీ, సమస్య మొదలైన తేదీ పక్కపక్కన పెడితే లంకె దానంతటదే కనిపిస్తుంది. అలాగని మందు మీ అంతట మీరు ఆపేయకండి. డాక్టరుకు చెప్తే వేరే మందుకు మార్చే వీలుంటుంది.

ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఆపరేషన్, రేడియేషన్ అయినవాళ్లు, వెన్నెముక కింది భాగంలో నరం నలిగినవాళ్లు, తలకు బలమైన దెబ్బ తగిలినవాళ్లు కూడా అడగవచ్చు. సర్వీసులో లైంగిక దాడికి గురైనవాళ్లకు దాని వల్ల పీటీఎస్‌డీ వచ్చి, ఆ వెంట ఇదీ రావచ్చు. మగవాళ్లకు అలా జరగదని ఎవరైనా అంటే వినకండి. జరుగుతుంది, చెప్పుకోవచ్చు, వీఏ వింటుంది.

మా నాన్నగారి స్నేహితుడు వియత్నాం యుద్ధంలో పనిచేశారు. ఇన్నేళ్ల తర్వాత కూడా పెట్టవచ్చా?

పెట్టవచ్చు. మొదటిసారి క్లెయిమ్ పెట్టడానికి గడువంటూ లేదు. 1962 జనవరి 9 నుంచి 1975 మే 7 దాకా వియత్నాంలో పనిచేసినవాళ్లు ఏజెంట్ ఆరెంజ్ రసాయనానికి గురైనట్టే వీఏ భావిస్తుంది. ఆ రసాయనం వల్లే వచ్చినట్టు వీఏ భావించే జబ్బుల జాబితాలో టైప్ 2 షుగర్, ప్రోస్టేట్ క్యాన్సర్ ఇప్పటికే ఉన్నాయి. 2022 ఆగస్టు 10న సంతకమైన పాక్ట్ చట్టం బీపీని కూడా చేర్చింది. ఈ మూడూ స్తంభన లోపానికి దారితీసేవే. ముందు వాటికి గుర్తింపు తెచ్చుకుంటే వెనకది సులువవుతుంది. రెండూ ఒకే దరఖాస్తులో పెట్టవచ్చు.

సైన్యంలో ఉండగా ఏ డాక్టరుకూ చెప్పలేదు. ఇప్పుడు నమ్ముతారా?

దాదాపు ఎవరూ చెప్పరు. ఇరవై రెండేళ్ల కుర్రాడు వరసలో నిలబడి మెడిక్‌కు ఆ మాట చెప్తాడా? సెకండరీ దారిలో అది అడ్డు కాదు. కానీ ఇప్పుడు మాత్రం ఎక్కడో ఒకచోట నమోదు కావాలి. క్లెయిమ్ పెట్టకముందే మీ వీఏ డాక్టరు దగ్గరికో, సొంత డాక్టరు దగ్గరికో వెళ్లి చెప్పండి. ఆన్‌లైన్‌లో సందేశం పంపినా రికార్డులోకి వెళ్తుంది. నోటితో చెప్పలేనివాళ్లకు నేను ఆ దారే చెప్తాను.

వయసు వల్లే వచ్చిందంటే ఏం చెయ్యాలి?

యాభై దాటినవాళ్లకు ఈ జవాబు తరచుగా వస్తుంది. వయసు ఒక కారణం కావచ్చు, కానీ సర్వీసు జబ్బు కూడా కారణమైనప్పుడు వయసు దాన్ని చెరిపేయదు. నా సొంత క్లెయిములో పరీక్ష చేసిన డాక్టరు "బీపీ వల్ల రాలేదు" అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. బీపీ వల్ల ముదిరిందా అన్న ప్రశ్నకు అసలు జవాబే లేదు. ఆ ఉత్తరం చేతిలో పట్టుకుని కారులో చాలాసేపు కూర్చున్నాను. తర్వాత తెలిసింది, సెకండరీ క్లెయిములో వైద్యాభిప్రాయం రెండిటికీ జవాబు చెప్పాలని: దాని వల్ల వచ్చిందా, దాని వల్ల ముదిరిందా. ఒక్కదానికే చెప్తే అభిప్రాయం అసంపూర్తి అని వాదించవచ్చు. మీ ఉత్తరంలో మొదట అదే వెతకండి.

పరీక్షలో ఏమడుగుతారు? బట్టలు విప్పాలా?

క్లెయిము తేల్చడానికి వీఏ చేయించే ఈ వైద్య పరీక్షను సీ అండ్ పీ పరీక్ష అంటారు. చాలాసార్లు వీఏ తరఫున కాంట్రాక్టు కంపెనీ డాక్టర్లు చేస్తారు. పురుషుల జననాంగ సమస్యలకు ఒక ప్రశ్నావళి ఉంటుంది. ఎప్పటి నుంచి, ఏ కారణం అనుకుంటున్నారు, ఏం మందులు వాడుతున్నారు, మందు లేకుండా సంభోగానికి సరిపడా స్తంభన వస్తుందా, మందు వేసుకుంటే వస్తుందా. ఈ ప్రశ్నలు సూటిగానే అడుగుతారు.

విప్పడం మీ ఇష్టం. ఆ భాగం పరీక్ష చేయవద్దని చెప్పవచ్చు. రోగి కోరిక మీద పరీక్ష చేయలేదని గుర్తు పెట్టడానికి ఆ ఫారంలోనే గడి ఉంది.

జవాబు చెప్పేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మన అలవాటు కొద్దీ "పర్వాలేదండీ, బాగానే ఉంది" అనేస్తాం. అలా అంటే ఆయన బాగానే ఉందని రాసేస్తారు. ఎక్కువ చేసి చెప్పడమూ తప్పే. పదిసార్లలో రెండుసార్లు వస్తే రెండుసార్లని చెప్పండి.

మాత్ర వేసుకుంటే పనిచేస్తోంది. అయినా అర్హత ఉంటుందా?

మాత్ర పనిచేస్తోందన్న ఒక్క కారణంతో క్లెయిమ్ పోదు. మందు లేకుండా పరిస్థితి ఏమిటన్నది ముఖ్యం. మందు దాచిపెట్టకండి.

ఇక్కడ క్లెయిముతో సంబంధం లేని ఒక జాగ్రత్త. గుండెనొప్పికి నైట్రోగ్లిసరిన్ లాంటి నైట్రేట్ మందులు వాడేవాళ్లు సిల్డెనఫిల్ లాంటి మాత్రలు వేసుకోకూడదు. బీపీ ప్రాణం మీదికి తెచ్చేంతగా పడిపోవచ్చు. స్నేహితుడి దగ్గర తీసుకుని వేసుకోవడం అసలే వద్దు.

మాకు ఇద్దరు పిల్లలున్నారు. అయినా ఇస్తారా?

పిల్లలు ఉండటం అడ్డం కాదు. ఇది ఇప్పటి వాడుక గురించి. పిల్లలు లేక బాధపడుతున్న జంటలకు ఇంకో మాట. సర్వీసు వల్ల వచ్చిన సమస్యే సంతానలేమికి కారణమైతే, అర్హత ఉన్నవాళ్లకు ఐవీఎఫ్ చికిత్స కూడా వీఏ భరిస్తుంది. దీని గురించి అడగడానికి వచ్చినవాళ్లు చాలా తక్కువ. అడగండి.

భార్య వాంగ్మూలం ఇవ్వాలా?

తప్పనిసరి కాదు. ఇస్తే బలం. 21-10210 ఫారం మీద తనకు తెలిసినది తన మాటల్లో రాయాలి: ఎప్పటి నుంచి, ఏ మందు మొదలయ్యాక, ఎంత తరచుగా. పడకగది వర్ణన అక్కర్లేదు, నాలుగు వాక్యాలు చాలు. మా అమ్మ వయసున్న ఒకావిడ "ఆయనకి నడుముకు దెబ్బ తగిలి వచ్చాక మేం అన్నాచెల్లెళ్లలా బతుకుతున్నాం బాబూ" అంది. దాన్నే ఇంగ్లీషులో రాసి ఆవిడకు చదివి వినిపించి సంతకం పెట్టించాం.

ఏ ఫారాలు? ఎప్పటి నుంచి లెక్క?

అన్నిటికన్నా ముందు ఇంటెంట్ టు ఫైల్ పెట్టండి. ఆన్‌లైన్‌లో గానీ, 1-800-827-1000కి ఫోన్ చేసి గానీ, 21-0966 ఫారంతో గానీ. దాంతో తేదీ ఖరారవుతుంది. ఏడాదిలోగా అసలు దరఖాస్తు 21-526ఈజెడ్ పెడితే డబ్బు ఆ ముందు తేదీ నుంచి లెక్కిస్తారు. సైన్యం వదిలిన ఏడాదిలోపు పెడితే వదిలిన మర్నాటి నుంచే లెక్క. ఇంకా సర్వీసులోనే ఉన్నవాళ్లు బయటికి రావడానికి 180 నుంచి 90 రోజుల ముందే పెట్టుకోవచ్చు.

దరఖాస్తులో "స్తంభన లోపం, డిప్రెషన్‌కు వాడే మందు వల్ల" అని మొదటి జబ్బు పేరు కూడా కలిపి రాయండి. ఒట్టి స్తంభన లోపం అని రాస్తే సర్వీసు రికార్డులో వెతికి, లేదని తిప్పి పంపే ప్రమాదం ఉంది.

తిరస్కరిస్తే?

మూడు దారులు. కొత్త సాక్ష్యం ఉంటే సప్లిమెంటల్ క్లెయిమ్, 20-0995 ఫారం. సాక్ష్యం అదే, నిర్ణయం తప్పనుకుంటే హయ్యర్ లెవల్ రివ్యూ, 20-0996. లేదా బోర్డుకు అప్పీలు, 10182. చివరి రెండిటికీ నిర్ణయం వచ్చిన ఏడాదిలోపే. మొదటిది ఎప్పుడైనా పెట్టవచ్చు కానీ ఏడాదిలోపు పెడితేనే పాత తేదీ నిలుస్తుంది. నా విషయంలో డాక్టరు ఉత్తరం జతచేసి మొదటి దారిలో వెళ్లాను, వచ్చింది.

డబ్బిస్తే అన్నీ చేసిపెడతామని ఫోన్లు వస్తున్నాయి.

పెట్టేయండి ఫోన్. మొదటి క్లెయిముకు మీ దగ్గర ఫీజు తీసుకునే హక్కు ఎవరికీ లేదు. గుర్తింపు ఉన్న లాయర్లు, ఏజెంట్లు కూడా మొదటి నిర్ణయం వచ్చిన తర్వాత మాత్రమే ఫీజు అడగవచ్చు. డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ, అమెరికన్ లీజియన్ లాంటి మాజీ సైనికుల సంఘాల ప్రతినిధులు ఉచితంగా చేస్తారు. ఎదుటివాళ్లకు గుర్తింపు ఉందో లేదో వీఏ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. సిగ్గుపడి మాట్లాడలేని మనిషి దగ్గర ఆ సిగ్గుకే ధర కట్టి పిండుకునేవాళ్లంటే నాకు కోపం.

ఆఫీసులో, మనవాళ్లలో తెలిసిపోతుందా?

మీ రాతపూర్వక అనుమతి లేకుండా వీఏ మీ వైద్య వివరాలు యజమానికి చెప్పదు. ఉద్యోగానికో, ఇంటి లోనుకో చూపించే ఉత్తరంలో మొత్తం శాతం, అందే మొత్తం ఉంటే సరిపోతుంది, జబ్బుల జాబితా ఇవ్వనక్కరలేదు. వివరంగా ఉండే నిర్ణయం ఉత్తరం మాత్రం ఇంటికి తపాలాలో వస్తుంది. అత్తమామలతో కలిసి ఉన్నవాళ్లు అది గుర్తుంచుకోండి.

ఆడవాళ్లకు ఇలాంటిది ఉందా?

ఉంది. మహిళా సైనికులకు లైంగిక స్పందన లోపించడం అనే సమస్యకు 7632 కోడ్ 2018లో చేర్చారు. అదీ 0 శాతమే, ఎస్‌ఎంసీ-కె కూడా అలాగే వస్తుంది. దీని గురించి తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. మీ చెల్లెలో, వదినో సైన్యంలో ఉంటే చెప్పండి.

రిటైరై హైదరాబాద్ వెళ్లిపోతున్నాను. పరిహారం ఆగిపోతుందా?

ఆగదు. భారతదేశంలో ఉన్నా పరిహారం వస్తుంది. అక్కడి నుంచి కొత్త క్లెయిమ్ కూడా పెట్టవచ్చు, విదేశాల్లో ఉన్నవాళ్ల క్లెయిముల్లో చాలావాటిని పిట్స్‌బర్గ్ కార్యాలయం చూస్తుంది. సర్వీసు వల్ల అని తేలిన జబ్బులకు అక్కడ చేయించుకునే వైద్యం ఖర్చు ఫారిన్ మెడికల్ ప్రోగ్రాం ద్వారా తిరిగి పొందవచ్చు. అందులో ముందుగా పేరు నమోదు చేసుకుని బయల్దేరండి. 0 శాతం ఉన్నా అది సర్వీసు జబ్బే అని మళ్లీ గుర్తు చేస్తున్నాను.

భారత సైన్యంలో పనిచేసి వచ్చినవారి వైకల్య పింఛను పూర్తిగా వేరే నిబంధనల కింద నడుస్తుంది. ఇక్కడ రాసినవేవీ దానికి వర్తించవు.

ఇదంతా పెట్టాక కూడా మనసు బాగుండటం లేదు.

ఫోన్ తీసి 988 కొట్టి, 1 నొక్కండి. మాజీ సైనికుల కోసమే ఉన్న లైను, రాత్రీ పగలూ పలుకుతారు. ఫారం సంగతి తర్వాత చూసుకుందాం.